మంచును తూచే ఉపగ్రహాలు

పిఠాపురం పేరు వినగానే తెలుగువారికి పాదగయా క్షేత్రమూ, కుక్కుటేశ్వరాలయమూ, సూర్యరాయాంధ్ర నిఘంటువుకు ఆశ్రయమిచ్చిన సంస్థానమూ స్ఫురిస్తాయి. ఆ పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతం ఒడ్డున, జాందానీ చీరలకు పేరుగాంచిన ఉప్పాడ ఉన్నది. ఉప్పాడ నేతపని ఘనత దేశమంతటా తెలిసినదే. కాని ఆ ఊరి తీరాన దశాబ్దాలుగా సాగుతున్న మరొక కథ అంతగా ప్రచారంలోకి రాలేదు. సముద్రం ఒడ్డును కోసుకొంటూ ఊరి మీదికి వస్తున్నది. ఒకనాడు ఇళ్ళు నిలిచిన చోట నేడు అలలు ఆడుతున్నవి. కాకినాడ నుంచి ఉప్పాడకు తీరం వెంట వేసిన రహదారి తుపాను వచ్చినప్పుడల్లా దెబ్బతినడం, మళ్ళీ రాళ్ళు పోసి దానిని నిలబెట్టడం పరిపాటి అయినది.

సముద్రం ఎందుకు ముందుకు వస్తున్నది? ఈ ప్రశ్నకు నేడు చాలామంది తడుముకోకుండా చెప్పే సమాధానం ఒకటి ఉన్నది: ధ్రువాల దగ్గర మంచు కరుగుతున్నది కనుక. ఈ సమాధానంలో నిజమెంత? వేల కిలోమీటర్ల ఆవల, మనుష్య సంచారం లేని చోట, ఎంత మంచు కరుగుతున్నదో ఎవరు చూశారు? ఎలా కొలిచారు? ఆ కొలతలు ఉప్పాడ విషయంలో ఏమి చెబుతున్నవి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

హిమ ఫలకాలు

భూగోళం మీద నేడు రెండు మహా హిమ ఫలకాలు మాత్రమే మిగిలి ఉన్నవి. ఒకటి దక్షిణ ధ్రువాన్ని ఆవరించిన అంటార్కిటికాలోనిది. రెండవది ఉత్తరాన ఉన్న గ్రీన్‌లాండ్‌లోనిది. అంటార్కిటికా వైశాల్యం సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. అంటే భారతదేశానికి నాలుగు రెట్ల కన్నా పెద్దది. అక్కడి మంచు సగటు మందం దాదాపు రెండు కిలోమీటర్లు. గ్రీన్‌లాండ్ హిమ ఫలకం సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు విస్తరించి ఉన్నది. వేల సంవత్సరాలుగా కురిసిన హిమం పొరలు పొరలుగా పేరుకొని, తన బరువుకు తానే గట్టిపడి ఈ ఫలకాలు ఏర్పడినవి.

అంటార్కిటికా మంచు పూర్తిగా కరిగితే ప్రపంచ సముద్రమట్టం సుమారు 58 మీటర్లు, గ్రీన్‌లాండ్ మంచు పూర్తిగా కరిగితే సుమారు 7 మీటర్లు పెరుగుతుందని అంచనా. అలా కరగడానికి వందలు కాదు, వేల సంవత్సరాలు పడుతుంది. అయితే ఆ మహానిధిలో నూటికి ఒక పాలు కదిలినా లోతట్టు తీరాలకు ముప్పే.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. నీళ్ళు నిండిన గ్లాసులో తేలుతున్న మంచుముక్క కరిగినంత మాత్రాన నీరు పొర్లిపోదు. ఎందుకంటే ఆ ముక్క తేలుతున్నప్పుడే తన బరువుకు సరిపడే నీటిని పక్కకు తొలగించింది. అలాగే సముద్రం మీద తేలే మంచు కరిగితే నీటిమట్టం దాదాపు మారదు. గ్లాసు బయట ఉన్న మంచుముక్కను తెచ్చి లోపల వేస్తే మాత్రం నీరు పొర్లుతుంది. హిమ ఫలకాలు నేలను ఆధారం చేసుకొని నిలిచిన మంచు. అందులో కొంత సముద్రంలో చేరిన ప్రతిసారీ సముద్రమట్టం ఆ మేరకు పెరుగుతుంది.

జమాఖర్చులు

హిమ ఫలకానికి కూడా ఒక గృహస్థుకు ఉన్నట్లే జమాఖర్చులుంటాయి. పైన కురిసే హిమం దాని రాబడి. వేసవిలో కరిగి పారే నీరు, అంచుల వద్ద విరిగి సముద్రంలో పడే మంచుకొండలు దాని ఖర్చు. రాబడి, ఖర్చు సమానంగా ఉన్నంతకాలం ఫలకం చెక్కుచెదరదు. ఖర్చు మించితే నిల్వ తరుగుతుంది. కనుక మంచు కరుగుతున్నదా అని అడగడం కంటే, రాబడి పోగా ఎంత తరుగుతున్నది అని అడగడమే శాస్త్రీయం.

ఉపగ్రహాలు రాక మునుపు ఈ లెక్క తేల్చడం అసాధ్యంగా ఉండేది. అన్వేషకులు మంచులో గడలు పాతి, హిమం ఎంత పేరుకొన్నదో చూసేవారు. అది ఆ ఒక్కచోటి విశేషమే అయ్యేది. మన దేశ అనుభవమే ఇందుకు నిదర్శనం. భారతదేశం 1983-84లో అంటార్కిటికాలో దక్షిణ గంగోత్రి అనే తొలి పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. ఏటేటా కురిసిన హిమం కింద అది కూరుకొనిపోవడంతో 1990 నాటికి దానిని విడిచిపెట్టవలసి వచ్చింది. దాని స్థానంలో మైత్రి కేంద్రం 1989లో వెలసింది. దక్షిణ గంగోత్రిని మాత్రమే చూసినవాడు అంటార్కిటికా మంచు పెరుగుతున్నదనే చెబుతాడు. అదే ఖండపు పడమటి తీరాన్ని మాత్రమే చూసినవాడు తరుగుతున్నదని చెబుతాడు. ఇద్దరూ చూసినదే చెప్పారు. ఇద్దరిదీ సంపూర్ణ సత్యం కాదు. ఖండమంతటినీ ఒకే చూపుతో, ఒకే కొలబద్దతో, మళ్ళీమళ్ళీ పరిశీలించినప్పుడే లెక్క తేలుతుంది. ఆ పని ఉపగ్రహాల వల్ల సాధ్యమైంది. అవి ప్రధానంగా మూడు విధాల కొలుస్తాయి: ఎత్తు, బరువు, వేగం.

మొదటి కొలత: ఎత్తు

బావి లోతు తెలుసుకోవడానికి రాయి వేసి, చప్పుడు వినబడేందుకు పట్టిన కాలాన్ని లెక్కించడం పల్లెల్లో తెలిసిన ఉపాయమే. ఉపగ్రహం చేసే పని సుమారుగా ఇటువంటిదే. అది మంచు మీదికి ఒక రాడార్ తరంగాన్నో, లేజర్ కిరణాన్నో పంపుతుంది. అది మంచును తాకి తిరిగి వచ్చేందుకు పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఉపగ్రహం తిరిగే ఎత్తు ముందే తెలుసు కనుక, మంచు ఉపరితలం ఎత్తు లభిస్తుంది. కొన్నేళ్ళ తరువాత అదే చోటును మళ్ళీ కొలిస్తే ఉపరితలం పెరిగిందో, కుంగిందో తెలుస్తుంది. కాంతి సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెళ్ళిన కిరణం సెకనులో సుమారు మూడువందలవ వంతు కాలంలోనే తిరిగి వస్తుంది. అంత స్వల్ప కాలంలో సెంటీమీటర్ల తేడాను పట్టుకోవాలంటే గడియారం ఎంత సూక్ష్మమైనదై ఉండాలో ఊహించవచ్చు.

ఐరోపా అంతరిక్ష సంస్థ 1991లో ప్రయోగించిన ఈఆర్‌ఎస్-1 ఉపగ్రహంతో హిమ ఫలకాల ఎత్తులను క్రమం తప్పక కొలవడం మొదలైంది. అదే సంస్థ 2010లో పంపిన క్రయోశాట్-2 ధ్రువాలకు మరింత చేరువగా పోగలిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2003లో ఐస్‌శాట్‌ను, 2018లో ఐస్‌శాట్-2ను ప్రయోగించింది. ఈ రెండవది ఆకుపచ్చని లేజర్ కాంతిని ఆరు పాయలుగా చీల్చి, సెకనుకు పదివేల సార్లు భూమి మీదికి పంపుతుంది. భారత్, ఫ్రాన్స్ కలసి రూపొందించిన సరళ్ ఉపగ్రహం 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచి నింగికెగసింది. సముద్ర ఉపరితలం ఎత్తును కొలవడం దాని ముఖ్య విధి అయినా, హిమ ఫలకాల పరిశీలనకూ అది ఉపకరించింది.

అయితే ఎత్తు ఒక్కటే చాలదు. నిన్న కురిసిన హిమం దూదివలె తేలికైనది. వందల ఏళ్ళ నాటి మంచు రాతివలె బరువైనది. ఒక మీటరు ఎత్తు పెరిగినంత మాత్రాన ఎంత బరువు పెరిగిందో చెప్పలేము. రెండవ కొలత అవసరం ఇక్కడే కలిగింది.

రెండవ కొలత: బరువు

పురాణకథలో శ్రీకృష్ణుని తూచడానికి ఒక తులాభారం చాలింది. ఒక ఖండం మీది మంచును తూచడానికి అటువంటి త్రాసు ఎక్కడ దొరుకుతుంది? శాస్త్రజ్ఞులు ఆ త్రాసును గురుత్వాకర్షణలో కనుగొన్నారు. ద్రవ్యరాశి ఎక్కువగా ఉన్న చోట ఆకర్షణ ఎక్కువ. తగ్గిన చోట తక్కువ. ఆకర్షణలోని మార్పును కొలవగలిగితే బరువులోని మార్పు తెలిసినట్లే.

ఈ సూత్రం మీద నాసా, జర్మనీ అంతరిక్ష సంస్థ కలసి 2002 మార్చి 17న గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపినవి. అవి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో, ఒకదాని వెనుక ఒకటిగా ఒకే మార్గంలో తిరిగేవి. ఎత్తుపల్లాల బాటపై రెండు బండ్లు వరుసగా సాగుతున్నవనుకుందాం. ముందు బండి పల్లంలో దిగగానే వేగం పుంజుకొంటుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. వెనుక బండి కూడా పల్లంలోకి రాగానే ఆ దూరం తగ్గుతుంది. బాటను చూడకుండా, బండ్ల మధ్య దూరాన్ని మాత్రమే గమనించినా పల్లం ఎక్కడ ఉన్నదో చెప్పవచ్చు. గ్రేస్ జంట విషయంలో పల్లం వంటిది భూమి మీది అధిక ద్రవ్యరాశి. ముందు ఉపగ్రహాన్ని అది మొదట లాగుతుంది. తరువాత వెనుక దానిని లాగుతుంది. ఆ రెండింటి మధ్య దూరంలో తల వెంట్రుక మందంలో పదోవంతు పాటి తేడా వచ్చినా పరికరాలు పసిగట్టగలిగేవి. ఇలా నెలనెలా భూమి ఆకర్షణ పటాలు తయారైనవి.

గ్రేస్ 2017 అక్టోబరు వరకు పనిచేసింది. దాని వారసులుగా 2018 మే 22న గ్రేస్-ఎఫ్ఓ ఉపగ్రహాలు బయలుదేరినవి. ఈ త్రాసు చెప్పిన లెక్క ప్రకారం 2002 నుంచి గ్రీన్‌లాండ్ ఏటా సగటున సుమారు 26-27 వేల కోట్ల టన్నుల మంచును, అంటార్కిటికా సుమారు 13-15 వేల కోట్ల టన్నుల మంచును కోల్పోతూ వచ్చినవి. గ్రీన్‌లాండ్ ఏటా కోల్పోయే నీటిని మన కాలువల భాషలో చెప్పాలంటే అది దాదాపు 9,500 టీఎంసీలు. గోదావరిలో సగటున ఒక సంవత్సరం పారే నీటికి అది రెండింతల కన్నా ఎక్కువ.

ఈ త్రాసుకూ లోపాలున్నవి. దాని చూపు మసకగా ఉంటుంది. సుమారు 300 కిలోమీటర్ల కన్నా చిన్న ప్రాంతాలను విడదీసి చూడలేదు. అంతేకాక మంచు కింది నేల కూడా కదులుతూ ఉంటుంది. దూదిపరుపు మీద కూర్చున్న మనిషి లేచిన తరువాత పరుపు మెల్లగా పైకి వచ్చినట్లు, వేల ఏళ్ళ క్రితం మంచు బరువు తొలగిన నేల నేటికీ నెమ్మదిగా పైకి లేస్తున్నది. అలా లేచే నేల బరువును మంచు బరువుగా పొరబడకుండా లెక్కలో సవరించవలసి ఉంటుంది. నేల లోతులు ప్రత్యక్షంగా కనబడవు కనుక ఆ సవరణలో కొంత అనిశ్చితి తప్పదు.

మూడవ కొలత: వేగం

మంచు చూపులకు స్థావరమే కాని నిజానికి అది జంగమం. ఫలకం నడిబొడ్డు నుంచి అంచుల వైపు హిమానీనదాలు నిరంతరం ప్రవహిస్తూనే ఉంటాయి. ఒకచోట ఏడాదికి కొన్ని మీటర్లే కదిలితే, మరొకచోట కిలోమీటర్లు సాగుతాయి. గ్రీన్‌లాండ్‌లోని జకోబ్షావ్న్ హిమానీనదం 2012 వేసవిలో రోజుకు 46 మీటర్ల వేగాన్ని అందుకొన్నది. ఉపగ్రహం ఒకే చోటును కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు చిత్రిస్తే, మంచు మీది పగుళ్ళు ఎంత దూరం జరిగాయో తెలుస్తుంది. వేగాన్ని మందంతోనూ వెడల్పుతోనూ గుణిస్తే సముద్రంలోకి పోతున్న మంచు పరిమాణం వస్తుంది. కాలువలో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే పద్ధతి కూడా ఇదే.

ధ్రువ ప్రాంతంలో ఆరు నెలలు చీకటి, తక్కిన కాలంలో మేఘాలు. మామూలు కెమెరాలకు అక్కడ పని తక్కువ. రాడార్ తరంగాలకు చీకటీ మేఘాలూ అడ్డు కావు. కెనడాకు చెందిన రాడార్‌శాట్-1 ఉపగ్రహం 1997లో అంటార్కిటికా ఖండమంతటినీ చిత్రించింది. పలు దేశాల ఉపగ్రహ చిత్రాల సాయంతో 2011లో ఆ ఖండం మొత్తానికి తొలి హిమ ప్రవాహ పటం సిద్ధమైంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ మోసుకొనిపోయిన నైసార్ ఉపగ్రహం ఈ కృషిలో కొత్త మజిలీ. ఇస్రో, నాసా ఉమ్మడిగా నిర్మించిన ఈ ఉపగ్రహంలో రెండు రకాల తరంగదైర్ఘ్యాలతో పనిచేసే రాడార్లున్నవి. 12 రోజులకొకసారి అవే ప్రాంతాలను మళ్ళీ పరిశీలించేలా దానిని రూపొందించారు. హిమ ఫలకాల కదలికలను కనిపెట్టడం దాని లక్ష్యాలలో ఒకటి.

తెలుగునేలకు ఈ విజ్ఞానంతో మరొక సంబంధం కూడా ఉన్నది. అంటార్కిటికాలో 2012లో ప్రారంభమైన మన భారతి కేంద్రం వద్ద హైదరాబాదుకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రం 2013లో ఒక భూకేంద్రాన్ని నెలకొల్పింది. భారత ఉపగ్రహాలు దక్షిణ ధ్రువం మీదుగా పోతున్నప్పుడు పంపే సమాచారాన్ని ఆ కేంద్రం అందుకొంటుంది. అక్కడ నుంచి అది హైదరాబాదు సమీపంలోని షాద్‌నగర్‌కు చేరుతుంది.

ముగ్గురు సాక్షుల మాట

ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఎత్తు, బరువు, వేగం అనే ముగ్గురు సాక్షులు వేరువేరు దారుల్లో వచ్చినవారు. ఒకరి లోపం మరొకరికి లేదు. అనేక దేశాల శాస్త్రజ్ఞులు ఈ మూడు రకాల కొలతలను ఒకచోట చేర్చి పోల్చి చూశారు. 1992 నుంచి 2020 వరకు రెండు హిమ ఫలకాలూ కలిపి సుమారు 7.56 లక్షల కోట్ల టన్నుల మంచును కోల్పోయాయనీ, దానివల్ల సముద్రమట్టం సుమారు 21 మిల్లీమీటర్లు పెరిగిందనీ 2023లో వెలువడిన సమీక్ష తేల్చింది. సముద్రాల వైశాల్యం సుమారు 36 కోట్ల చదరపు కిలోమీటర్లు. కనుక 36 వేల కోట్ల టన్నుల నీరు చేరితే మట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఈ గుణకారం చేసి చూస్తే పై లెక్క ఎవరికైనా సరిపోతుంది.

కొలత నిష్పక్షపాతమైనది. తరుగును ఎంత నిర్మొహమాటంగా చెబుతుందో పెరుగుదలనూ అలాగే చెబుతుంది. 2021 నుంచి 2023 వరకు అసాధారణంగా హిమం కురవడం వల్ల అంటార్కిటికా మంచు మొత్తం మీద కొంత పెరిగినట్లు గ్రేస్-ఎఫ్ఓ లెక్కలు చూపినవి. రెండు మూడేళ్ళ రాబడిని చూసి రెండు దశాబ్దాల అప్పు తీరిందనుకోవడం ఎంత పొరపాటో, ఆ రాబడిని లెక్కలో చూపకుండా దాచడం అంతే పొరపాటు.

ఉప్పాడ తీరానికి అన్వయం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. 1993 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న మేరకు ప్రపంచ సముద్రమట్టం సుమారు 10 సెంటీమీటర్లు పెరిగింది. ఇందులో హిమ ఫలకాల వాటా కొంతే. వేడెక్కిన సముద్రజలం వ్యాకోచించడం, పర్వతాల మీది హిమానీనదాలు కరగడం తక్కిన ముఖ్య కారణాలు. అయితే 1990ల ఆరంభంలో ఆరు శాతం పాటిగా ఉన్న హిమ ఫలకాల వాటా ఇటీవల నాలుగో వంతుకు చేరింది. ఇంకొక విశేషం ఉన్నది. హిమ ఫలకం తన ఆకర్షణతో చుట్టూ ఉన్న సముద్రజలాన్ని తన వైపు లాగి ఉంచుతుంది. మంచు తరిగితే ఆ పట్టు సడలి, సమీపంలో నీటిమట్టం తగ్గుతుంది. భూమధ్యరేఖకు చేరువలోని దూరతీరాల్లో సగటు కన్నా కొంత ఎక్కువ పెరుగుతుంది. కాబట్టి గ్రీన్‌లాండ్ మంచు బంగాళాఖాతానికి పరాయిది కాదు.

వందకు ఒకటి వాలు ఉన్న తీరంలో 10 సెంటీమీటర్ల మట్టం పెరిగితే నీరు సుమారు పది మీటర్లు లోపలికి వస్తుంది. ఇది చిన్న విషయం కాదు. కాని ఉప్పాడ కోల్పోయిన నేల అంతటికీ ఇదొక్కటే కారణం అనడం సరికాదు. 1970ల నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలు మరొక కారణాన్ని చూపుతున్నవి. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు తీరం వెంట ఉత్తరానికి నెట్టగా కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అనే పొడవైన ఇసుకతిన్నె ఏర్పడింది. అది కాకినాడకు అలల నుంచి రక్షణ ఇచ్చింది. ఉప్పాడకు చేరవలసిన ఇసుకకు మాత్రం అది అడ్డుగా నిలిచింది. ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడంతో నది తెచ్చే ఇసుక కూడా తగ్గింది. అలలు కోసుకొనిపోయిన ఇసుక స్థానంలో కొత్త ఇసుక రాకపోతే తీరం వెనక్కి జరగక తప్పదు. పైగా పెరుగుతున్న సముద్రమట్టం ఆ కోతకు తోడవుతున్నది.

కారణాలు రెండైనప్పుడు చికిత్సలూ రెండే. ఇసుక కొరత స్థానికమైన రుగ్మత. దానికి తీరం స్వభావం ఎరిగిన ఇంజనీర్లు, పాలకులు, మత్స్యకారులు కలసి మందు వెదకాలి. సముద్రమట్టం పెరుగుదల ప్రపంచమంతటి రుగ్మత. దానికి బొగ్గు, పెట్రోలు వాడకాన్ని తగ్గించుకొనే బాధ్యత అన్ని దేశాలూ వహించాలి. నెపమంతా ధ్రువాల మీదికి నెట్టితే ఊరి ముందున్న కర్తవ్యం మరుగున పడుతుంది. అంతా ఇసుక దోషమే అంటే రాబోయే తరాల ముప్పును ఉపేక్షించినట్లవుతుంది. ఏ దోషం ఎంతో విడదీసి చెప్పగలిగేది కొలత ఒక్కటే. రోగిని చూడకుండా, నాడి పట్టకుండా మందు ఇచ్చేవాడు వైద్యుడు కాడు. హిమ ఫలకాల ఎత్తును, బరువును, వేగాన్ని ఉపగ్రహాలతో ఏళ్ళ తరబడి గమనించడం భూమాత నాడి పట్టడమే. ఆ నాడి చెప్పేదాన్ని పెంచకుండా, తుంచకుండా చదవగల విద్యావంతులు ఉప్పాడ వంటి ఊళ్ళకు రాళ్ళగోడ ఎంత అవసరమో అంత అవసరం.